ఫెరిటిన్ 640, హిమోగ్లోబిన్ 7.4: డయాలసిస్ పేషెంటుకు ఐరన్ ఆపాలా, ఈపీఓ పెంచాలా?

ఎంఎల్‌హెచ్‌పీ_అనంత (విలేజ్ క్లినిక్ మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్, ప్రశ్న)

అందరికీ నమస్తే. కల్యాణదుర్గం వైపు విలేజ్ క్లినిక్ పరిధిలోని ఒక పేషెంటు గురించి అడుగుతున్నా. మగమనిషి, 58 ఏళ్లు, డ్రై వెయిట్ (అదనపు నీళ్లు తీసేశాక ఉండే బరువు) 62 కిలోలు, 15 ఏళ్లుగా షుగర్. ఎనిమిది నెలలుగా అనంతపురంలో డయాలసిస్, వారానికి రెండుసార్లు, బుధవారం, శనివారం. చేతి ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని, సిరను కలిపి చేసిన దారి) ఇంకా పక్వానికి రాలేదు, మెడ కాథెటర్ మీదే నడుస్తోంది.

తాజా రిపోర్టు: హిమోగ్లోబిన్ 7.4 (రెండు నెలల కింద 8.1), ఎంసీవీ (ఎర్రకణం సైజు) 84, సీరం ఐరన్ 38, టీఐబీసీ (రక్తం మొత్తం మోయగల ఐరన్) 226, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ సూచిక) 640, సీఆర్‌పీ (వాపు, ఇన్‌ఫెక్షన్ సూచిక) 34, ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీను) 3.1, పొటాషియం 5.6. డయాలసిస్‌కు ముందు యూరియా 142, తర్వాత 58. బీ12, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోను) చేయలేదు.

పది వారాలుగా ఈపీఓ (ఎర్రకణాలు తయారుచేయించే హార్మోను సూది) 4000 యూనిట్లు వారానికి రెండుసార్లు, చర్మం కింద. డయాలసిస్ లేని రోజుల్లో క్లినిక్‌కు వస్తే నేనే వేస్తా. వయల్ వాళ్లే మండలంలో మెడికల్ షాపులో కొనుక్కొస్తారు. ఐరన్ సుక్రోజ్ 100 మి.గ్రా. వారానికొకటి చొప్పున డయాలసిస్‌లో ఆరు అయ్యాయి. మిగతావి కాల్షియం అసిటేట్ మూడు పూటలా, పాంటాప్రజోల్, బీపీకి టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, రాత్రి అన్నంతో పాటు ఫెర్రస్ ఆస్కార్బేట్ బిళ్ల.

ఫెరిటిన్ ఎక్కువైంది, ఐరన్ ఆపండని ఒకరు, ఈపీఓ పదివేలకు పెంచండని ఇంకొకరు చెప్పి పంపారు. ఇంట్లోవాళ్లేమో రెండు బాటిళ్లు రక్తం ఎక్కిస్తే పోతుంది కదా అంటున్నారు. పొద్దున బీట్‌రూట్ జ్యూసు, సాయంత్రం దానిమ్మ జ్యూసు పట్టిస్తున్నారు. సూది బదులు బిళ్లలు వచ్చాయట, అవి వాడొచ్చా అనీ అడుగుతున్నారు. ఏది ముందు చూడాలి?

---

మందులషాపు_కర్నూలు

ఫెరిటిన్ 500 దాటితే ఐరన్ వద్దనే కదా మేడమ్ రూలు. ఆపేయండి. ఈపీఓ వారానికి మూడు చేస్తే 12 వేలు అవుతుంది, పెరుగుతుంది.

---

నెఫ్రో_సీమ

అన్నా, ఆ రూలును అలా చదవకూడదు. 2012 కేడిగో (కిడ్నీ వైద్యానికి అంతర్జాతీయ మార్గదర్శకాలు రాసే సంస్థ) గైడ్‌లైన్ చెప్పింది ఏమంటే, టీశాట్ 30 శాతం లోపు, ఫెరిటిన్ 500 లోపు ఉంటే ఐరన్ ఇచ్చి చూడమని. 501 అయితే ఐరన్ విషమైపోతుందని ఎక్కడా లేదు. ఈ కేసులో రెండో అంకెనే అందరూ పట్టుకున్నారు, మొదటిది ఎవరూ లెక్క కట్టలేదు.

టీశాట్ అంటే సీరం ఐరన్‌ను టీఐబీసీతో భాగించి వందతో గుణించడమే. 38ని 226తో భాగిస్తే 16.8 శాతం. డయాలసిస్ పేషెంటుకు 20 కంటే తక్కువంటే ఎముక మజ్జకు ఐరన్ అందడం లేదని అర్థం. ఫెరిటిన్ గాదె లెక్క, టీశాట్ బండి లెక్క. గాదెలో వడ్లున్నాయి, మిల్లుకు బండి మాత్రం కదలడం లేదు. కదలనీయనిది హెప్సిడిన్ అనే కాలేయపు హార్మోను. ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫెక్షనో వాపో ఉంటే అది పెరుగుతుంది. కిడ్నీలు పాడైతే బయటికి పోకుండా పేరుకుంటుంది. అది పెరిగితే పేగు ఐరన్‌ను లోపలికి రానివ్వదు, నిల్వ ఉన్నది బయటికి వదలదు. ఆ వాపుకే ఫెరిటిన్ కూడా పైకెళ్తుంది. సీఆర్‌పీ 34 ఉన్న మనిషిలో ఫెరిటిన్ 640ని నిల్వగా లెక్కవేయడం తప్పు.

ఫెరిటిన్ 500 నుంచి 1200 మధ్య ఉండి, టీశాట్ 25 దాటని డయాలసిస్ పేషెంట్లకు ఈపీఓతో పాటు ఒక గ్రాము ఐరన్ ఇచ్చి చూసిన డ్రైవ్ ట్రయల్ 2007లో వచ్చింది. ఐరన్ ఇచ్చినవాళ్లకు హిమోగ్లోబిన్ ఎక్కువ పెరిగింది. 2019లో వచ్చిన పివోటల్ ట్రయల్‌లో నెలకు 400 మి.గ్రా. ఐరన్ సుక్రోజ్ ముందుగానే ఇస్తూ పోయారు, ఫెరిటిన్ 700 దాటినా టీశాట్ 40కి చేరినా ఆపారు. ఆ గుంపులో గుండె జబ్బులు, మరణాలు కలిపి చూస్తే తగ్గాయి, ఈపీఓ ఖర్చూ తగ్గింది. కాబట్టి 640 దగ్గర తలుపు మూసుకుపోలేదు. అట్లాగని రేపే వేసేయమనీ కాదు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉండగా ఐరన్ నరానికి ఎక్కిస్తే సూక్ష్మజీవులకు మేత వేసినట్టే. మెడలో కాథెటర్, సీఆర్‌పీ 34, ఆల్బుమిన్ 3.1. ఈ మూడూ కలిపి చూడండి, ఏది ముందో తెలుస్తుంది.

ఈపీఓ సంగతి. 62 కిలోల మనిషికి వారానికి 8000 అంటే కిలోకు 129 యూనిట్లు. మొదలుపెట్టే మోతాదే కిలోకు 50 యూనిట్ల చొప్పున వారానికి మూడుసార్లు, అంటే 150. చర్మం కింద వారానికి కిలోకు 300 వేసినా పెరగకపోతేనే మందు పనిచేయడం లేదనే మాట. ఆ లెక్కన ఈయనకు 18,600 దాకా. అక్కడికి ఇంకా రాలేదు కాబట్టి పెంచడానికి చోటు ఉంది. కానీ ఐరన్ అందని మజ్జకు ఈపీఓ పోస్తే మందు వృథా, బీపీ మాత్రం పెరుగుతుంది.

పెంచేటప్పుడు ఒక్కసారికి 25 శాతమే, నాలుగు వారాలకు ముందు మార్చకూడదు. ఎందుకంటే ఈరోజు వేసిన సూది ఫలితం హిమోగ్లోబిన్‌లో కనపడటానికి రెండు నుంచి ఆరు వారాలు. వారానికి 8000 ఉంటే తర్వాతి మెట్టు 10,000. ఒకరోజు 4000, ఇంకోరోజు 6000. ఒకేసారి పదివేల వయల్‌కు దూకితే రెట్టింపు దాటిపోతుంది.

ఒకటి చెప్పండి మేడమ్: ఐరన్ పరీక్షకు రక్తం ఏ రోజు తీశారు, దానికి ముందు ఐరన్ సూది ఏ రోజు పడింది?

---

బుగ్గవంక_టెక్ (డయాలసిస్ టెక్నీషియన్, కడప)

నెఫ్రో సార్ మందు వైపు చెప్పారు. నేను మిషన్ వైపు చెప్తా, ఎందుకంటే సగం రక్తం అక్కడే పోతుంది.

డయలైజర్ (రక్తం వడకట్టే ఫిల్టరు), గొట్టాలు కలిపి ఒక సర్క్యూట్‌లో 150 నుంచి 250 మి.లీ. దాకా రక్తం ఉంటుంది. చివర్లో సెలైన్‌తో వెనక్కి తోసినప్పుడు అంతా ఒంట్లోకి పోవాలి. డయలైజర్ తెల్లగా, మహా అయితే లేత గులాబీ రంగులో మిగలాలి. పీచుల్లో ముదురు ఎరుపు చారలు నిలువుగా కనిపిస్తే అవి గడ్డలు, ఆ రక్తం పోయినట్టే. పూర్తిగా గడ్డకట్టి సర్క్యూట్ పారేయాల్సి వస్తే ఎంత నష్టమో చూడండి. హిమోగ్లోబిన్ 7.4 ఉన్న మనిషికి 200 మి.లీ. రక్తంలో దాదాపు 15 గ్రాముల హిమోగ్లోబిన్. ఒక గ్రాములో ఐరన్ 3.4 మి.గ్రా. అంటే 50 మి.గ్రా. ఐరన్ చెత్తబుట్టలోకి. మీరు వేసే ఐరన్ ఆంపూల్‌లో సగం!

మెడ కాథెటర్ పేషెంట్లకు ఇది ఇంకా ఎక్కువ. ఫ్లో సరిగా రాక పంపు మాటిమాటికీ అలారం కొట్టి ఆగుతుంది, ఆగినప్పుడల్లా లోపల గడ్డ మొదలవుతుంది. కాబట్టి పేషెంటును అడగాల్సినవి: పంపు ఎన్నిసార్లు ఆగుతోంది, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఇస్తున్నారా, అయిపోయాక ఫిల్టరు ఏ రంగులో ఉంది, వెనక్కి తోసేటప్పుడు 200 నుంచి 300 మి.లీ. సెలైన్ వాడుతున్నారా లేక తొందరలో వందతో ముగిస్తున్నారా. తర్వాతి షిఫ్టు బయట కూర్చుని ఉంటే ఆ చివరి రెండు నిమిషాలే మొదట కోతకు పోతాయి.

దానికి తోడు లెక్కలేని రక్త పరీక్షలు. ప్రతిసారీ మూడు ట్యూబులు తీస్తే నెలకు వందకు దగ్గరపడుతుంది.

యూరియా లెక్క: 142లోంచి 58 తీసేస్తే 84, దాన్ని 142తో భాగిస్తే 59 శాతం. కనీసం 65 ఉండాలి. అదీ వారానికి మూడుసార్లు చేయించుకునేవాళ్లకు చెప్పిన అంకె, ఈయన రెండుసార్లే. మూత్రం ఇంకా వస్తుంటే కొంత నయం, లేకుంటే మురికి మిగిలిపోతోంది. మురికి మిగిలితే మజ్జ ఈపీఓ మాట వినదు, ఎర్రకణం ఆయుష్షూ తగ్గుతుంది. పూర్తి నాలుగు గంటలు నడుస్తోందా, మూడున్నరకే దిగిపోతున్నారా కనుక్కోండి. చివరి బస్సు దొరకదని ముందే దిగే పేషెంట్లు మన జిల్లాల్లో కొల్లలు.

ఇంకొకటి, నీళ్లు. మున్సిపాలిటీ నీళ్లైనా ట్యాంకరు నీళ్లైనా క్లోరిన్, క్లోరమైన్ ఆర్‌ఓకు ముందే కార్బన్ ట్యాంకులో ఆగాలి. ఆర్‌ఓ పొర ఒక్కటే క్లోరమైన్‌ను ఆపలేదు. మొత్తం క్లోరిన్ లీటరుకు 0.1 మి.గ్రా. దాటకూడదు. ప్రతి షిఫ్టుకు ముందు, రెండు కార్బన్ ట్యాంకుల మధ్య ఉన్న కొళాయి దగ్గర చూడాలి. వానాకాలం కొత్త నీళ్లు వచ్చినప్పుడు పైనుంచి క్లోరిన్ మోతాదు పెంచుతారు, అప్పుడే జారిపోతుంది. జారితే ఎర్రకణాలు పగులుతాయి. గుర్తు సులువు: హిమోగ్లోబిన్ ఒక్కరికే పడితే పేషెంటులో చూడాలి. ఒకే యూనిట్‌లో నలుగురైదుగురికి ఒకే నెలలో పడితే నీళ్లలో చూడాలి.

---

మందులషాపు_కర్నూలు

నెఫ్రో సార్, ఒప్పుకుంటున్నా. టీశాట్ చూడలేదు. నాకు తెలిసిన వైపు ఒకటి రాస్తా, ఎందుకంటే ‘వాళ్లే షాపులో కొనుక్కొస్తారు’ అన్న మాట దగ్గర ఆగిపోయా.

ఈపీఓ అనేది ప్రొటీను. 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. గడ్డకట్టినా పాడవుతుంది, వేడెక్కినా పాడవుతుంది, గట్టిగా ఊపినా పాడవుతుంది. పాడైన వయల్ చూడటానికి మామూలు నీళ్లలాగే ఉంటుంది, అదే దీనితో వచ్చిన చిక్కు. పొగలాగా మసక, తేలే నలకలు కనిపిస్తే సరే, పారేస్తాం. కనిపించకుండా పాడైనదాన్ని ఎవరూ పట్టలేరు.

ఎక్కడెక్కడ పాడవుతుందంటే, రాత్రి షాపు మూసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపి వెళ్లేవాళ్లు ఉన్నారు. షట్టర్‌తో పాటు ఫ్రిజ్జూ ఆగుతుంది. మే నెల అనంతపురం వేడిలో తెల్లారేదాకా ఆ ఫ్రిజ్ ఏ ఉష్ణోగ్రతలో ఉంటుందో చెప్పక్కర్లేదు. ఫ్రిజ్‌కు వేరే లైను ఉందా, లోపల థర్మామీటరు ఉందా అని అడగండి. అడిగితే ఎవరూ కోపగించుకోరు, కోపగించుకుంటే షాపు మార్చండి.

రెండోది ప్రయాణం. నల్ల క్యారీబ్యాగులో వేసుకుని బస్సులో కిటికీ పక్కన పెట్టుకుని గంటన్నర. చిన్న ఐస్‌బాక్సులో జెల్ ప్యాక్ పెట్టి, మధ్యలో గుడ్డ మడత వేసి, దానిపైన వయల్ అట్టపెట్టెతో సహా పెట్టాలి. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన జెల్ ప్యాక్‌కు వయల్ నేరుగా ఆనితే గడ్డకడుతుంది. పది నిమిషాలు బయట పెట్టి, పైన చెమట పట్టాక వాడాలి. ఇంట్లో ఫ్రిజ్ అయితే తలుపు అరలో వద్దు, పై ఫ్రీజర్ కింద ఆనుకునీ వద్దు. మధ్య అరలో, డబ్బాలో.

చాలా వయళ్లు ఒకసారి వాడేవే, అందులో ప్రిజర్వేటివ్ ఉండదు. పదివేలది కొని రెండున్నర సార్లు వాడుకుందాం అనే పొదుపు వద్దు. ఒకసారి సూది దిగాక మిగిలింది పారేయాల్సిందే.

మేడమ్, ఆ కాల్షియం అసిటేట్, పాంటాప్రజోల్, ఐరన్ బిళ్ల అన్నీ కలిపి రాత్రి అన్నంతో ఇస్తున్నారు కదా. కాల్షియం ఐరన్‌ను పట్టేస్తుంది, పాంటాప్రజోల్ కడుపులో పులుపును తగ్గించి కరగనీయదు. పైగా నరానికి ఐరన్ ఎక్కుతున్న డయాలసిస్ పేషెంటుకు బిళ్ల వల్ల ఒరిగేదేమీ లేదు, మలబద్ధకం తప్ప. పైగా నల్ల విరేచనం. అది బిళ్ల వల్లా, కడుపులో రక్తం కారడం వల్లా అని తేల్చుకోలేక ఇబ్బంది. డాక్టరును అడిగి ఆ బిళ్ల తీసేయించండి. ఇంకా డయాలసిస్ దాకా రాని స్టేజి 3, 4 వాళ్లకైతే బిళ్ల పనికొస్తుంది, కానీ ఖాళీ కడుపున, అన్నానికి గంట ముందు, కాల్షియానికి రెండు గంటల దూరంలో. టీతో మాత్రం కాదు.

---

డైట్_కడప

బీట్‌రూట్, దానిమ్మ జ్యూసు ఈరోజే ఆపించండి. ‘రక్తం పడుతుంది’ అనేది రంగు చూసి పుట్టిన నమ్మకం. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఐరన్ ఒక మి.గ్రా. కూడా ఉండదు, పొటాషియం మాత్రం 300 దాటుతుంది. జ్యూసు చేస్తే మూడు దుంపలు ఒక గ్లాసులోకి దిగుతాయి. ఇప్పటికే పొటాషియం 5.6. అది 6.5 దాటితే గుండె లయ తప్పుతుంది, హిమోగ్లోబిన్ గురించి మాట్లాడుకునే అవకాశమే ఉండదు. ఖర్జూరం, మునగాకు, కొబ్బరినీళ్లు, ‘సోడియం తక్కువ’ అని అమ్మే ఉప్పు (అందులో ఉండేది పొటాషియం క్లోరైడే), అన్నీ ఇదే లెక్క. లోహ భస్మాలు, రక్తపుష్టి లేహ్యాలు అసలే వద్దు.

నాకు ఇక్కడ పొటాషియం కంటే ఎక్కువ కనిపించేది ఆల్బుమిన్ 3.1. డయాలసిస్‌కు ముందు డాక్టర్లు పప్పు, గుడ్డు, మాంసం తగ్గించమని చెబుతారు. డయాలసిస్ మొదలయ్యాక ఆ మాట తిరగబడుతుంది, కానీ ఇంట్లో ఆ సంగతి చెప్పేవాళ్లు ఉండరు. కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాముల ప్రొటీను కావాలి, ఈయనకు రోజుకు 62 నుంచి 75 గ్రాములు. మూడు పూటలా సంగటి, ఊరిబిండితో ఆ అంకె రాదు. రాగిలో, చెనక్కాయలో ఫాస్ఫరస్ కూడా ఎక్కువ. రోజూ నాలుగు గుడ్ల తెల్లసొన వేస్తే 14 గ్రాములు, ఫాస్ఫరస్ దాదాపు లేనట్టే. వంద గ్రాముల కోడి కూర ముక్కలు (పులుసు కాదు, ముక్కలు) ఇంకో 25 గ్రాములు. మిగతాది అన్నం, ఒక చిన్న గిన్నె పప్పు, కొంచెం పెరుగు. పొద్దున ఉగ్గాని మానక్కర్లేదు, పైన చల్లే పుట్నాల పొడి తగ్గించండి, బొరుగులు నానబెట్టి పిండేస్తాం కాబట్టి నీళ్ల లెక్కలో అదీ చేరుతుందని గుర్తుంచుకోండి. ఆకుకూర తినాలనిపిస్తే తరిగి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. గోంగూర అలా చేసినా వద్దు.

షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడి ఉంటే బీ12 తగ్గి ఉండొచ్చు. అది ఒక్క పరీక్ష. ఫోలిక్ యాసిడ్ డయాలసిస్ నీళ్లలో పోతుంది కాబట్టి ఆ బిళ్ల డయాలసిస్ అయ్యాక వేసుకోవాలి, ముందు కాదు.

---

ఎంఎల్‌హెచ్‌పీ_అనంత

అందరికీ చాలా థ్యాంక్స్. అడిగినవాటికి జవాబులు:

ఐరన్ పరీక్ష రక్తం బుధవారం డయాలసిస్‌కు ముందు తీశారు. దాని ముందు శనివారమే ఐరన్ సూది పడింది. ఆ బుధవారం బరువు 65.6 ఉంది. నాలుగు గంటలు నడవడం లేదు, మూడున్నరే. ఫిల్టరు చివర్లో ‘ఎర్రగానే ఉంటుంది’ అంటున్నాడు. మూత్రం రోజుకు ఒక గ్లాసు. పాదాలకు చెప్పుల్లేకుండా పొలం పనికి వెళ్లేవాడు, ఇప్పుడు మానేశాడు. డైక్లోఫెనాక్ మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడూ.

ఇంకొకటి, ముందు రాయలేదు, సంబంధం లేదనుకున్నా. గత రెండు డయాలసిస్‌లలోనూ మొదలైన గంటకు చలి, వణుకు వచ్చిందట. దుప్పటి కప్పితే తగ్గిందట. ఇంటికొచ్చాక జ్వరం లేదు. కాథెటర్ చుట్టూ కొంచెం ఎర్రగా ఉంది, చీము లేదు.

రక్తం ఎక్కించడం, బిళ్లల సంగతి కూడా చెప్పగలరా.

---

నెఫ్రో_సీమ

వెనకనుంచి మొదలుపెట్టి చెప్తా, చివరికి మళ్లీ వణుకు దగ్గరికి వస్తా.

శనివారం ఐరన్, బుధవారం పరీక్ష అంటే మధ్యలో నాలుగు రోజులు. ఐరన్ సుక్రోజ్ వేశాక కనీసం వారం ఆగకుండా ఫెరిటిన్ తీస్తే అది సూది లెక్కనే చూపిస్తుంది. అంటే 640లో కొంత వాపుది, కొంత శనివారం సూదిది. నిజమైన నిల్వ ఎంతో ఆ రిపోర్టు చెప్పడం లేదు. పోతే హిమోగ్లోబిన్ కూడా బుధవారం, నాలుగు రోజుల ఎడం తర్వాత, 3.6 లీటర్ల అదనపు నీళ్లతో తీసింది. పలచబడిన రక్తం అంకె తక్కువే చూపిస్తుంది. చిన్న ఎడం తర్వాతి డయాలసిస్‌కు ముందు, అంటే ఈయనకు శనివారం, తీయించండి. ప్రతినెలా అదే రోజు, అదే ల్యాబు. 8.1 నుంచి 7.4కు నిజంగా ఎంత పడిందో, ఎంత నీళ్లో అప్పుడు తేలుతుంది.

రక్తం ఎక్కించడం: ఒక యూనిట్ మహా అయితే ఒక పాయింటు పెంచుతుంది, కారణం అలాగే ఉంటే నెలన్నరకల్లా మళ్లీ అక్కడికే. హిమోగ్లోబిన్ 7 లోపు పడినా, ఛాతీలో నొప్పి, పడుకుంటే ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం, ఎక్కడైనా రక్తం కారడం ఉన్నా అప్పుడు తప్పదు. ఎక్కించాల్సి వస్తే డయాలసిస్ నడుస్తుండగానే, ఒక యూనిట్, ల్యూకోసైట్లు (తెల్లకణాలు) తీసేసినది. విడిగా వార్డులో రెండు బాటిళ్లు ఎక్కిస్తే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, నిల్వ రక్తంలోని పొటాషియం ఈ 5.6 మీద పడుతుంది. ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిన పెద్ద మాట ఇది: రేపు ఎవరైనా కిడ్నీ ఇస్తామని ముందుకొస్తే, ఎక్కించిన ప్రతి బాటిల్ ఈయన ఒంట్లో యాంటీబాడీలు పుట్టించి ఆ కిడ్నీ సరిపోకుండా చేయవచ్చు.

బిళ్లలు: మీరు విన్నది డెసిడస్టాట్ అయ్యుంటుంది. అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ మందు, 2022 మార్చిలో మన దేశంలో అనుమతి వచ్చింది. ఒంట్లో ఆక్సిజన్ తగ్గినప్పుడు పనిచేసే హిఫ్ అనే స్విచ్‌ను ఆన్‌లోనే ఉంచి ఈపీఓను ఒంటితోనే తయారు చేయిస్తుంది, హెప్సిడిన్‌ను కూడా కొంత తగ్గిస్తుంది. ఆ స్విచ్ కనుక్కున్నందుకే ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది. ఈపీఓ వాడనివాళ్లకు 100 మి.గ్రా. వారానికి మూడుసార్లతో మొదలు. ఫ్రిజ్ గొడవ లేని మందు, సీమ పల్లెలకు అది పెద్ద సుఖం. అయితే ఈపీఓతో కలిపి వేయకూడదు, దానికి బదులుగానే. 15 ఏళ్ల షుగర్ కాబట్టి ముందు కంటి వెనక పొర చూపించాలి. క్యాన్సరు, ఈమధ్య గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డలు ఉన్నాయేమో అడగాలి. ఇన్‌ఫెక్షన్ తేలకుండా మందు మార్చడం దండగ.

పెరిగితే ఏమవుతుందన్నది కూడా రాసి పెట్టుకోండి, అందరూ మర్చిపోయేది అదే. డయాలసిస్ పేషెంటుకు 10 నుంచి 11.5 చాలు. 13కు తీసుకెళ్లాలని చూసిన ట్రీట్ ట్రయల్ 2009లో వచ్చింది. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో పక్షవాతం దాదాపు రెట్టింపైంది. నెలకు ఒకటి, రెండు పాయింట్లకు మించి పెరగకూడదు. రెండు వారాల్లో ఒక పాయింటు దాటి ఎగిరితే డోసు పావువంతు తగ్గించాలి, పూర్తిగా ఆపకూడదు. ఆపితే కొత్త కణాలు రాలిపోయి మళ్లీ మొదటికొస్తుంది. సూది వేసే ప్రతిసారీ బీపీ చూసి రాయండి. పైది 180 దాటిన రోజు వేయకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. హిమోగ్లోబిన్ పెరిగేకొద్దీ ఫిస్టులాలో జుమ్ అనే అలజడి ఉందో లేదో రోజూ చేత్తో చూసుకోమనండి.

డైక్లోఫెనాక్ ఆపించి, మలంలో కనిపించని రక్తం పరీక్ష, కొంకిపురుగు పరీక్ష చేయించండి. పురుగు ఉంటే ఆల్బెండజోల్ 400 ఒక్క బిళ్ల. బీ12, పీటీహెచ్, రెటిక్యులోసైట్ (కొత్తగా పుట్టిన ఎర్రకణం) కౌంటు కలిపి ఒకే రోజు, ఒకే గుచ్చుతో. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు బాగుండి, రెటిక్యులోసైట్లు పదివేలకు తక్కువగా ఉండి, హిమోగ్లోబిన్ వారం వారం అర పాయింటు, ఒక పాయింటు పడుతుంటే ఈపీఓ మీదే ఒంటికి యాంటీబాడీలు పుట్టి ఉండొచ్చు. అప్పుడు ఏ బ్రాండుదైనా ఈపీఓ సూది ఆపాలి. అరుదు, ఈ కేసులో పతనం అంత వేగంగా లేదు కూడా.

టెల్మిసార్టాన్ హిమోగ్లోబిన్‌ను కాస్త లాగుతుంది, కానీ మనంతట మనం ఆపొద్దు.

ఇక వణుకు. మీరు సంబంధం లేదనుకున్నదే ఈ మొత్తం కథకు మూలం అయ్యుండొచ్చు. కాథెటర్ పేషెంటుకు డయాలసిస్ మొదలైన గంటకు చలి, వణుకు వచ్చి, అయ్యాక తగ్గిపోతే, రుజువయ్యేదాకా దాన్ని కాథెటర్ ఇన్‌ఫెక్షన్‌గానే చూడాలి. గొట్టం లోపలి గోడకు అంటుకున్న క్రిములు పంపు నడిచినప్పుడల్లా రక్తంలోకి జారుతాయి. షుగర్ ఉన్న ముసలి ఒంట్లో జ్వరం పైకి కనపడకపోవచ్చు. సీఆర్‌పీ, ఆల్బుమిన్, కదలని బండి, అన్నీ దానితో కలుస్తాయి.

ఐరన్ సూది ఆపండి. ఇన్‌ఫెక్షన్ తగ్గి, యాంటీబయాటిక్ కోర్సు ముగిసి, సీఆర్‌పీ దిగాక, వారం ఎడంతో ఐరన్ పరీక్ష మళ్లీ తీసి, టీశాట్ అప్పుడూ 20 లోపే ఉంటే అప్పుడు 100 చొప్పున పది డయాలసిస్‌లకు పది. 100 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కలిపి పావుగంటకు తగ్గకుండా. గ్లూకోజులో కలపకూడదు. ఈపీఓ 8000 అలాగే కొనసాగనివ్వండి, ఇన్‌ఫెక్షన్ ఉన్నన్నాళ్లు పెంచినా పలకదు.

---

బుగ్గవంక_టెక్

మేడమ్, చీటీ రాసేటప్పుడు ‘బ్లడ్ కల్చర్ రెండు: ఒకటి కాథెటర్ నుంచి, ఒకటి చేతి నరం నుంచి’ అని విడిగా రాయండి. ఒక్క బాటిలే తీసి పంపితే గొట్టంలో ఉందో ఒంట్లో ఉందో తేలదు. ఫిస్టులా చేతిని గుచ్చనివ్వొద్దు, రెండో చేతి వెనక వైపు నుంచి తీయమనండి.

---

ఎంఎల్‌హెచ్‌పీ_అనంత

రాసుకున్నా. శనివారం డయాలసిస్‌కు వెళ్లినప్పుడు తీయించమని చెప్తా.

---

నెఫ్రో_సీమ

శనివారం దాకా ఆగొద్దు. ఈ రాత్రికే, మహా అయితే రేపు పొద్దున మొదటి బస్సుకు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పంపండి. వణుకుతో పాటు బీపీ పడినా, మాట తడబడినా 108 పిలవండి. దారిలో ఎవరూ ముందే యాంటీబయాటిక్ సూది పొడవకుండా చీటీలో పై వరుసలోనే రాయండి: కల్చర్ ముందు, ఆ వెంటనే యాంటీబయాటిక్.